మానసిక అనారోగ్యం నుంచి తేరుకుంటున్నవారు తోడు బృందాన్ని నిలబెట్టుకోవడం ఎలా?

నెలకొకసారి ఆసుపత్రికి వెళ్లి, ఓపీ చీటీ పట్టుకుని రెండు గంటలు బల్ల మీద కూర్చుంటే, డాక్టరుగారు మనతో మాట్లాడేది ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాలు విలువైనవే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మిగిలిన రోజులు కూడా గడవాలి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఇక కన్ను మూతపడనప్పుడు, మాత్రల వల్ల చెయ్యి వణికి పెళ్లి భోజనంలో సాంబారు ఒలికినప్పుడు, పక్కింటావిడ గొంతు తగ్గించి "ఇప్పుడు నయమేనా?" అని అడిగినప్పుడు, ఆ సంగతి ఇంట్లోవాళ్లతో చెప్పుకోలేం, ఎందుకంటే వాళ్లు అప్పటికే మన గురించి భయపడి ఉన్నారు. అదే దారిన నడిచి వచ్చిన మనిషి కావాలి. అలాంటివారు నలుగురు వారం వారం ఒకచోట కూర్చోవడానికి ఏమేం చేయాలో, విజయనగరంలో నేను చేసి, కొన్ని చెడగొట్టుకుని, మళ్లీ సరిచేసుకున్న మేరకు ఇక్కడ రాస్తున్నాను. నాకు బైపోలార్ జబ్బు ఉంది, అంటే మనసు ఒక్కోసారి అతి హుషారుకు, ఒక్కోసారి తీవ్రమైన దిగులుకు ఊగుతుంది. రెండుసార్లు ఆసుపత్రిలో చేరాను. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో 1935లో తాగుడు మానలేక అవస్థపడుతున్న ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారంలో పనిచేసినవారు, మరొకరు శస్త్రవైద్యుడు, ఒకరికొకరు తోడుగా నిలవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బు అనుభవించినవారు తామే నడుపుకొనే బృందాల గురించి 2019లో ఒక మార్గదర్శిని ప్రచురించింది. తాము నడుపుకోవడం అన్నదే ఇందులో ముఖ్యమైన మాట. డాక్టరు వచ్చి ఉపన్యాసం ఇస్తే అది అవగాహన సదస్సు అవుతుంది. దాని ప్రయోజనం దానికుంది, అది ఈ పనికి బదులు కాదు.

మొదటి పని: రెండో మనిషిని వెతుక్కోవడం

బృందం మొదలుపెట్టాలనే ఉత్సాహం రెండు రకాల సమయాల్లో వస్తుంది. ఒకటి నిజంగా కుదుటపడినప్పుడు, రెండోది మేనియా, అంటే జబ్బు తెచ్చే అతి హుషారు, తలెత్తుతున్నప్పుడు. నాకు రెండో రకం ఉత్సాహం ఒకసారి వచ్చింది. ఆ వారంలో నేను మూడు వందల కరపత్రాలు అచ్చువేయించి, అవి పంచకముందే ఆసుపత్రిలో చేరాను. అందువల్ల కనీసం ఆరు నెలలుగా మీ నిద్ర, మాత్రలు, పని ఒక దారిలో ఉన్నాయో లేదో చూసుకోండి. మీ ఆలోచనను మీ డాక్టరుకు, ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లు మీ ముఖం చూసి ఏమంటారో వినండి.

ఆ తరువాత ఒంటరిగా అడుగు వేయవద్దు. రెండో మనిషి దొరికేదాకా బృందం పేరు ఎత్తవద్దు. మీరొక్కరే నడిపితే అది మీ ఇల్లవుతుంది, మిగిలినవారు చుట్టాలవుతారు, మీకు బాగులేని వారం అది మూతపడుతుంది.

రెండో మనిషి సాధారణంగా ఓపీ వరుసలోనే దొరుకుతారు. విజయనగరంలోనైనా శ్రీకాకుళం రిమ్స్‌లోనైనా సైకియాట్రీ ఓపీ రోజున అదే ముఖాలు నెలనెలా కనిపిస్తుంటాయి. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లొచ్చే మనవాళ్లు రైల్లో కూడా ఎదురవుతారు. అలా కుదరకపోతే మీ డాక్టరునో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో పనిచేసే సైకాలజిస్టునో అడగండి. అయితే రోగుల పేర్లు, నంబర్లు ఇమ్మని అడగకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షను ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. మీ పేరు, ఫోన్ నంబరు, "మాట్లాడాలనిపిస్తే ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేయండి" అన్న ఒక్క వాక్యం చిన్న చీటీ మీద రాసి, ఎవరికి ఇవ్వాలో వాళ్ల విచక్షణకు వదిలేయండి. చీటీ మీద జబ్బు పేరు గానీ, 'మానసిక' అన్న మాట గానీ వద్దు. అది చొక్కా జేబులోంచి ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం.

చోటు, వేళ, పేరు

పేరు దగ్గరే మేము తడబడ్డాం. 'కూడిక' అంటే మా వీధిలో ప్రార్థన కూడిక అనుకున్నారు. 'మీటింగు' అంటే డ్వాక్రా మీటింగో, పార్టీ మీటింగో అనుకున్నారు. చివరికి పేరే పెట్టలేదు. మాలో మేము 'ఆదివారం' అంటాం. "ఆదివారానికి వస్తున్నావా?" అంటే చాలు. బోర్డు పెట్టకండి.

చోటు గుడిలో, చర్చిలో, పార్టీ కార్యాలయంలో వద్దు. ఆసుపత్రిలోనూ వద్దు, ఎందుకంటే ఆ వాసన తగలగానే కొందరికి గుండె దడ మొదలవుతుంది. గంటస్తంభం, మూడు లాంతర్ల వంటి నలుగురూ తిరిగే కూడళ్ల మీదికి గుమ్మం తెరుచుకునే గది కూడా పనికిరాదు. ఆదివారం ఖాళీగా ఉండే ట్యుటోరియల్ గది, విశ్రాంత ఉద్యోగుల సంఘం భవనం, గ్రంథాలయంలో పక్క గది వంటివి మంచివి. వచ్చేవారు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి చేరుకోగలిగితే ఆటో ఖర్చు మిగులుతుంది. గజపతినగరం నుంచో, చీపురుపల్లి నుంచో వచ్చేవారికి అది చిన్న విషయం కాదు.

వేళ ఉదయం పదిన్నర నుంచి పన్నెండు. రాత్రి మాత్రల మత్తు చాలామందికి తొమ్మిది దాకా వదలదు కాబట్టి ఎనిమిదింటికి పెడితే సగంమంది రారు. సాయంత్రం పెడితే పల్లెకు వెళ్లే చివరి బస్సు మీదే అందరి దృష్టి ఉంటుంది. పదిహేను రోజులకొకసారి అంటే ఏ ఆదివారమో లెక్కపెట్టుకోవాలి. ప్రతి వారం అంటే ఆ లెక్క అక్కర్లేదు. ఒకసారి కుదిరిన చోటు మాత్రం మార్చకండి. మేము ఒకసారి గది మార్చినప్పుడు ఇద్దరు మళ్లీ కనిపించలేదు.

టీ ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకోండి. మొదట్లో మేము ఎదురు హోటల్ నుంచి తెప్పించేవాళ్లం. ఒక ఆదివారం ఒకావిడ తన అత్తవారింటి సంగతి చెబుతుండగా గ్లాసులు తెచ్చిన కుర్రాడు ట్రే పట్టుకుని అలాగే నిలబడి మొత్తం విన్నాడు. ఆవిడ మాట సగంలో ఆపి చీర కొంగు సర్దుకున్నారు. ఆ తరువాత మూడు వారాలు ఆవిడ రాలేదు.

డబ్బు విషయం ఒక్క మాటలో చెబుతాను: డబ్బాలో ఎవరికి తోచింది వారు వేయాలి, విరాళాలు తీసుకోకూడదు.

ఎవరు కూర్చోవాలి

జబ్బు అనుభవించినవారు మాత్రమే. ఇంట్లోవాళ్లకు కూడా ఒక బృందం అవసరమే, దాన్ని వేరే గదిలో పెట్టండి. ఈ మాట కఠినంగా అనిపించవచ్చు కాబట్టి ఒక సంగతి చెబుతాను. నెల్లిమర్ల వైపు నుంచి ఒక అమ్మ తన ముప్పై ఏళ్ల కొడుకును తీసుకొచ్చారు. మేము అతన్ని ఏది అడిగినా ఆవిడే జవాబు చెప్పారు. "నిద్ర పడుతోందా తమ్ముడూ?" అంటే "పడతాదండి, పదింటికే పడుకుంటాడు". "తింటున్నావా?" అంటే "ఏటి తింటాడండీ, ఆకలే నేదు". మూడు వారాలు అలాగే గడిచింది. నాలుగో వారం ఆవిడను మాలో ఒకరి భార్య పక్క గదికి తీసుకెళ్లి మాటల్లో పెట్టారు. అతను కాసేపు నేల చూసి, "ఆకలి ఉందండి, రోజూ ఆనపకాయే వండుతాది" అన్నాడు. అందరం నవ్వాం, అతనూ నవ్వాడు. అతని నోట మేము విన్న మొదటి మాట అదే.

తాగుడు సమస్య కూడా ఉన్నవారు రావచ్చు, తాగి మాత్రం రాకూడదు. సంఖ్య పన్నెండు దాటితే అందరికీ మాట్లాడే వంతు రాదు కాబట్టి అప్పుడు రెండు బృందాలుగా విడిపోవడం మంచిది.

మన ప్రాంతంలో వరస కలపకుండా మాట్లాడడం కష్టం. అప్ప (అక్క), తమ్ముడు, మావయ్య, పిన్ని అన్న పిలుపులు బృందంలో ఎంతో మేలు చేస్తాయి. కానీ 'బాబూ' అన్న పిలుపు ఇంట్లో ఇప్పటికే చంటిపిల్లాడిలా చూడబడుతున్న నలభై ఏళ్ల మనిషిని మరింత చిన్నబుచ్చవచ్చు. 'మాస్టారు' అన్న పిలుపు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని లేపి పాఠం మొదలుపెట్టించవచ్చు. అందుకే మొదటి రోజునే "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అని అడగండి.

నియమాలు

నాలుగే ఉండాలి. వాటిని ప్రతి ఆదివారం మొదట్లో ఎవరో ఒకరు పైకి చదవాలి, పాతవాళ్లకు విసుగొచ్చినా సరే.

1. ఇక్కడ విన్నది గుమ్మం దాటకూడదు. ప్రాణాపాయం ఒక్కటే దీనికి మినహాయింపు, ఆ మినహాయింపు ఉందని కూడా ముందే చెప్పాలి.
2. అడగనిదే సలహా ఇవ్వకూడదు.
3. ఎవరి మాత్రల మోతాదు గురించీ మాట్లాడకూడదు.
4. మాట్లాడకుండా కూర్చోవడం కూడా రావడమే.

మొదటి నియమంలో ఒక చిక్కు ఉంది. సంతలోనో సినిమా హాలు దగ్గరో ఎదురైతే ఏం చేయాలి? ముందు మీరు పలకరించకండి. వాళ్లు పలకరిస్తే పలకండి. పక్కనున్నవారు "మీకెలా తెలుసు?" అని అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోండి. మేము "ఆదివారాలు కలుస్తుంటాం" అంటాం. అది అబద్ధం కాదు.

గంటన్నర ఎలా గడపాలి

కుర్చీలైతే అందరికీ కుర్చీలు, చాప అయితే అందరికీ చాప, గుండ్రంగా. మొదటి పది నిమిషాలు ఒక్కొక్కరు ఆ వారం రాత్రికి సుమారు ఎన్ని గంటలు నిద్రపోయారో అంకె మాత్రం చెప్పాలి. ఇది పలకరింపులా కనిపిస్తుంది గానీ ఎంతో పనికొస్తుంది. డిప్రెషన్‌కైనా మేనియాకైనా నిద్ర మారడమే చాలామందిలో తొలి సూచన. వారం వారం ఏడు అని చెప్పే మనిషి వరుసగా ఐదు, నాలుగు అని హుషారుగా చెబితే, అతనికి తెలియకముందే మిగిలినవారికి తెలుస్తుంది. విజయనగరంలో దసరా తరువాత పైడితల్లమ్మ పండగ వారం మా అంకెలన్నీ పడిపోతాయి. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, ఇంటినిండా చుట్టాలు, రాత్రంతా సందడి. అమ్మవారి పండగ మానుకోమని ఎవరూ చెప్పరు, చెప్పినా వినం. ఆ రెండు రోజుల్లో ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో, మాత్ర ఎన్నింటికి వేసుకోవాలో, ఎవరు గుర్తుచేయాలో ముందు ఆదివారమే మాట్లాడుకుంటాం.

తరువాత వంతులు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, వద్దంటే పక్కవారికి. ఇక్కడ అందరం నేర్చుకోవలసిన పని ఒకటుంది. ఎదుటివారు "బతకాలనిపించడం లేదు" అన్నప్పుడు మనకు వెంటనే నోటికి వచ్చేది "అలా అనకూడదు". ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. దానికి బదులు "ఎప్పటి నుంచి అలా ఉంది?" అని అడిగి చూడండి. "మీరు వాకింగ్ చేయండి" అనడానికి, "నాకలా ఉన్నప్పుడు అయ్యకోనేరు గట్టు దాకా నడిచి వచ్చేవాణ్ని, కొన్ని రోజులు అది కూడా చేయలేకపోయాను" అనడానికి చాలా తేడా ఉంది. మొదటిది ఆజ్ఞ, రెండోది అనుభవం. వినేవారు దాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు.

పక్కన ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినపడేవారు ఉంటే, ఆ గొంతు నిజమా కాదా అన్న వాదన పెట్టుకోకండి. నెదర్లాండ్స్‌లో 1987 నుంచి పెరుగుతూ వచ్చిన 'గొంతులు వినేవారి' ఉద్యమం నేర్పిన పద్ధతి ఇది. ఆ గొంతు ఎప్పుడు హెచ్చుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడిగితే మనిషి మాట్లాడతారు. మాలో ఒకాయన సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఆ గొంతుకు జవాబు చెబుతారు. బస్సులో ఇప్పుడు ఎవరూ ఆయన వంక తిరిగి చూడరు.

చిల్లంగి మాట

చిల్లంగి అంటే చేతబడి. ఉత్తరాంధ్రలో ఈ బృందం నడిపితే ఈ మాట వచ్చి తీరుతుంది. "నాకు జబ్బు కాదు, చిల్లంగి పెట్టారు" అని ఒకరంటారు. నవ్వకండి, సైన్సు పాఠమూ మొదలుపెట్టకండి. మనలో చాలామంది ఆసుపత్రి కంటే ముందు మంత్రాలు వేసే గురువు దగ్గరికో, ఎజ్జోడి దగ్గరికో వెళ్లొచ్చినవాళ్లమే. తాయెత్తు కట్టుకుని మాత్ర వేసుకుంటే మాత్ర పని ఆగదు. తాయెత్తు కోసం మాత్ర ఆపితేనే ప్రమాదం. ఎవరైనా కొట్టినా, కట్టేసినా, వాతలు పెట్టినా అది చికిత్స కాదని మాత్రం గట్టిగా చెప్పండి. 2017 చట్టం మానసిక అనారోగ్యం ఉన్నవారిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

మరొక హద్దు ఉంది, దీన్ని నేను అన్నిటికన్నా ఖచ్చితంగా పాటిస్తాను. చిల్లంగి ఎవరు పెట్టారన్న పేరు గదిలో పలకనివ్వకండి. చిల్లంగి అనుమానంతో మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు మన ఏజెన్సీ గ్రామాల్లో జరిగాయి. "ఎవరు చేశారన్నది ఇక్కడ వద్దప్పా, నీకెలా ఉందో చెప్పు" అని మెల్లగా మాట మళ్లించండి.

మాత్రల గురించి ఎంతవరకు

మోతాదు గురించి మాట్లాడకూడదన్నాను గానీ, మాత్రల గురించి అసలు మాట్లాడకూడదని కాదు. మాత్ర మరచిపోకుండా ఎలా గుర్తుపెట్టుకుంటారు, బరువు పెరిగితే ఏం చేశారు, నోరెండితే ఏం తాగారు అన్నవి ఇంకెక్కడా దొరకని కబుర్లు. డాక్టరును అడగవలసినవి మూడు వాక్యాలుగా చీటీ మీద రాసుకోవడం ఇక్కడే అలవాటు చేయండి. ఆ ఐదారు నిమిషాలకు అది బాగా అక్కరకొస్తుంది.

బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవారు కొన్ని సంగతులు ఒకరికొకరు గుర్తుచేసుకోవాలి. అది మూత్రపిండాల ద్వారానే ఒంట్లోంచి పోతుంది. ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా రక్తంలో దాని స్థాయి పెరగవచ్చు. ఒళ్లునొప్పులకని మందుల దుకాణంలో కొనుక్కునే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రల వల్ల కూడా పెరగవచ్చు. కాబట్టి డాక్టరును అడగకుండా అవి వేసుకోకూడదు, రక్తపరీక్షలు వాయిదా వేయకూడదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చేవారైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మా గదిలో ఏప్రిల్ నుంచి కుండలో నీళ్లు పెడతాం.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

అనుమానం వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే, ఎలా అనుకున్నారు, దగ్గర ఏముంది అని కూడా అడగండి. మన పల్లెల్లో ఇంటి చూరు కిందే పురుగుమందు, గడ్డిమందు ఉంటాయి. ముందు అవి, ఆ తరువాత మిగిలిన మాత్రలు ఇంట్లోంచి తీయించాలి. ఆ మనిషిని ఒంటరిగా బస్సెక్కించకండి. వారు ముందే పేరు రాసి ఇచ్చిన ఇంటి మనిషికి ఫోన్ చేయండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అప్పటికే ఏదైనా తాగి ఉంటే ఇంకే ఆలోచనా వద్దు, 108.

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వారిని శిక్షించకూడదు. ఈ సంగతి వచ్చిన ప్రతి కుటుంబానికీ చెప్పండి.

అదే చట్టంలో మనం బాగున్న రోజున చేసుకోవలసిన పని ఒకటుంది. మనకు బాగులేనప్పుడు మన తరఫున మాట్లాడే ప్రతినిధిని 14వ సెక్షను ప్రకారం మనమే నియమించుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. మేము ఒక ఆదివారం మొత్తం దీనికే కేటాయించాం. ఒకావిడ భర్త పేరు రాయబోయి, ఆగి, చాలాసేపు ఆలోచించి, అప్పగారి పేరు రాశారు. కారణం ఎవరూ అడగలేదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పనులకు, బ్యాంకు పనులకు ఇద్దరిద్దరు కలిసి వెళ్లండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటని కౌంటరులో చెప్పడానికి ఒక గొంతు చాలదు, ముఖ్యంగా మాత్రల మత్తులో ఉన్న గొంతు.

రానివారికి ఫోన్, రెండో తాళంచెవి

పేర్లు లేని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వచ్చినవారు ఒక్కొక్కరు తమ గుర్తు గీస్తారు. మా పుస్తకంలో పువ్వు, చేప, రైలింజను ఉన్నాయి. రెండు వారాలు వరుసగా గుర్తు పడకపోతే ఒకే ఒక ఫోన్, నడిపేవారు కాకుండా ఆ మనిషికి దగ్గరైనవారు చేయాలి. "ఎందుకు రాలేదు?" అంటే హాజరు అడిగినట్టుంటుంది. "చేప గుర్తు కనపడ్డం లేదు" అంటే చాలు.

గది తాళంచెవులు రెండు చేయించి, రెండోది మీకన్నా వేరే ఊళ్లో ఉండే మనిషికివ్వండి. మూడో ఏట నాకు మళ్లీ బాగులేక ఐదు వారాలు వెళ్లలేకపోయాను. ఆ ఐదు వారాలూ గది తెరిచింది బొబ్బిలి నుంచి బస్సులో వచ్చే తమ్ముడు. నేను తిరిగి వెళ్లిన రోజు అతనే నియమాలు చదువుతున్నాడు, నాకు చాప మీద చోటు చూపించి, నిద్ర ఎన్ని గంటలని నన్నడిగాడు. "నాలుగు" అన్నాను. నోటుబుక్కులో నా రైలింజను గుర్తు నేనే గీసుకున్నాను.